చెరువు గట్టు మీద మడత డేరా: అపోహలు - వాస్తవాలు

డేరాలు, టార్పాలిన్లు కుట్టడం, బాగుచేయడం నా పని. షాపు ఆకివీడు దగ్గర, చుట్టూ చేపల చెరువులూ రొయ్యల చెరువులే. గట్టు మీద కాపలా పడుకోవడానికి పూర్వం తాటాకు పాక ఉండేది, ఇప్పుడు కొందరు రైతులు మడతపెట్టి బండి మీద వేసుకెళ్లే డేరా కొంటున్నారు, హబ్బులు, అంటే గోడ మధ్యలో కడ్డీలన్నీ కలిసే బిళ్లలు, పట్టుకుని లాగితే విచ్చుకునే రకం. పాడైనవి నా దగ్గరికి వస్తాయి. అయితే చాలావాటికి నా దాకా వచ్చేలోపే ఎవరో ఒకరు ఏదో పూసి, ఏదో అంటించి, ఉన్న చిల్లికి ఇంకో నాలుగు చేర్చేసి ఉంటారు. ఆ గట్టు మీద రాత్రంతా ఒక మనిషి పడుకోవాలి, అందుకే నాకు బాధ. లోపం ఎక్కడుందో తేలకుండా దాని మీద చెయ్యి వెయ్యకండి.

అపోహ: తెల్లారేసరికి లోపల తడి ఉందంటే డేరా కారుతున్నట్టే

సంక్రాంతి ముందూ వెనకా నాకు వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ ఇదే. ఒక జనవరిలో ఉండి ఊరి వైపు నుంచి ఒక రైతు వచ్చి, "కొత్త డేరా అండి, మేత బస్తాలన్నీ తడిసిపోతన్నాయండి" అన్నారు. వాన ఎప్పుడు పడిందండీ అని అడిగితే, పది రోజులుగా చినుకు లేదన్నారు. వాన లేకుండా కారే డేరా ఉండదు కదా! అది చెమ్మ. 30 డిగ్రీల వేడిలో ఉన్న గాలి ఘనపు మీటరుకి సుమారు 30 గ్రాముల నీటి ఆవిరిని మొయ్యగలదు, అదే గాలి 20 డిగ్రీలకి చల్లబడితే 17 గ్రాములే మోస్తుంది, మిగిలింది ఎక్కడో ఒకచోట నీళ్లై దిగాల్సిందే. మన గట్లకి రెండు పక్కలా నీళ్లే, దానికి తోడు లోపల పడుకున్న మనిషి ఊపిరిలోని ఆవిరి. రాత్రి డేరా గుడ్డ చుట్టూ ఉన్న గాలి కన్నా ఎక్కువ చల్లబడుతుంది కాబట్టి, చల్ల మజ్జిగ గ్లాసు బయట చెమర్చినట్టే గుడ్డ లోపలి వైపు చెమరుస్తుంది.

అనుమానం ఉంటే ఒక పరీక్ష చెయ్యండి. తడి కనిపించే చోట, పగలు గుడ్డ పొడిగా ఉన్నప్పుడు, జానెడు పాలిథిన్ ముక్క లోపలి వైపున పెట్టి నాలుగు అంచులా టేపు వెయ్యండి. తెల్లారి చూస్తే పాలిథిన్ మీద, అంటే మీ వైపు తడి ఉంటే చెమ్మ. పాలిథిన్‌కీ గుడ్డకీ మధ్య నీళ్లు ఉంటే అప్పుడు కారుతున్నట్టు. చెమ్మ అయితే దానికి మందు గాలే, కింద ఒక కిటికీ, పైన ఒక కిటికీ తెరిచి ఉంచాలి. మేత బస్తాలు గోడకి ఆనకుండా, నేల మీద కాకుండా చెక్కల మీద పెట్టాలి. ఆ రైతు అప్పటికే పై కిటికీ టేపుతో మూసేసి ఉన్నారు, కారేది అక్కడి నుంచే అనుకుని. ఆ టేపు పీకి పంపించాను, అంతే.

అపోహ: కారే కుట్టు మీద ఇంకో కుట్టు వేస్తే ఆగిపోతుంది

ఇది మా టైలర్లలోనే ఉన్న మాట. అబద్ధమని తీసిపారెయ్యలేం, ఒకప్పుడు నిజమే. నూలు కాన్వాసుని నూలు దారంతో కుడితే, తడవగానే దారం ఉబ్బి సూది రంధ్రాన్ని నింపేస్తుంది, అందుకే పెద్దవాళ్లు రెండో కుట్టు వేసేవారు. ఇప్పటి డేరా గుడ్డ పాలిస్టర్, దారమూ పాలిస్టరే, అది ఉబ్బదు. కుట్టుకీ కుట్టుకీ 3 మిల్లీమీటర్లు అనుకుంటే మీటరు పొడవుకి 330కి పైగా రంధ్రాలు. ఇంకో వరస వేశారంటే ఇంకో 330. వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూడండి, కుట్టు పొడవునా చుక్కలు చుక్కలుగా వెలుగు కనబడుతుంది. కుట్టు తెగనంత కాలం దాన్ని సూదితో ముట్టుకోవద్దు, లోపలి వైపు శుభ్రంగా తుడిచి, ఆరనిచ్చి, సీమ్ టేపు (కుట్టుని కప్పే టేపు) వేడిచేసి అంటించడమో, సీమ్ సీలర్ (కుట్టు రంధ్రాలు మూసే గమ్ము) బ్రష్‌తో పూయడమో చెయ్యాలి. తడి మీద పూస్తే రెండు వారాల్లో పొరలా లేచి వస్తుంది.

అపోహ: ఏ చిల్లికైనా సిలికాన్ గన్ చాలు

చాలదు. గుడ్డ ఏదో ముందు తెలియాలి. నీలం రంగు మామూలు టార్పాలిన్ పాలిథిన్, దానికి సిలికాన్ కాదు కదా మామూలు గమ్ము ఏదీ సరిగా పట్టదు, ఎండితే గోటితో ఊడొస్తుంది. దానికి వేడి అతుకే. అదే టార్పాలిన్ ముక్క చిల్లి మీద పెట్టి, మధ్యలో కాగితం ఉంచి, ఇస్త్రీ పెట్టెతో మెల్లగా అంటించవచ్చు, అయితే ముందు పనికిరాని ముక్క మీద వేడి చూసుకోండి, ఎక్కువైతే అల్లిక ముడుచుకుపోయి చిల్లి పెద్దదవుతుంది. బరువుగా, నున్నగా ఉండే పీవీసీ గుడ్డకి పీవీసీ గమ్ము పనిచేస్తుంది. పాలిస్టర్ గుడ్డ లోపలి పూత జిగురుగా తయారై పొట్టులా రాలుతుంటే మాత్రం ఆ గుడ్డ పని అయిపోయింది, తడి మీద మడిచి పెట్టడం, మన వేడి, మన ఉక్క కలిసి ఆ పూతని తినేస్తాయి. దానికి డబ్బు తీసుకుని అతుకు వెయ్యడం నాకు ఇష్టం లేదు. పైన జానెడు ఎడం ఉండేలా ఇంకో షీటు కట్టుకోమంటాను.

అపోహ: తాడు ఎంత బిగిస్తే డేరా అంత గట్టి

గాలి వేగం రెట్టింపైతే దాని తోపు నాలుగు రెట్లవుతుంది. తాడు కదలకుండా బిగించేస్తే ఆ తోపంతా ఐలెట్, అంటే తాడు దూర్చే రింగు దగ్గరే పడి, రింగు గుడ్డతో సహా ఊడి వచ్చేస్తుంది. నేను ఐలెట్‌కీ తాడుకీ మధ్య పాత సైకిల్ ట్యూబు ముక్క కట్టిస్తాను, అది సాగి దెబ్బ కాచుకుంటుంది. నైలాన్ తాడు తడిస్తే సాగుతుంది, కాబట్టి వాన మొదలయ్యాక ఒకసారి చూసుకుని సర్దాలి. అసలు తప్పు ఎక్కువసార్లు తాడులో ఉండదు, మేకులో ఉంటుంది. ఎండాకాలంలో రాయిలా ఉండే గట్టు మట్టి వానకి పిండిలా అయిపోతుంది, జానెడు ఇనప మేకు దాంట్లో ఏం నిలబడుతుంది? ఖాళీ యూరియా సంచిలో మట్టి నింపి, ఆ సంచి నడుముకి తాడు కట్టి, రెండడుగుల లోతులో అడ్డంగా పాతిపెట్టండి. పై తాడు నేలకి సుమారు 45 డిగ్రీల వాలులో ఉండాలి.

ఎంత కట్టినా ఇదంతా మామూలు గాలివానకే. తుఫాను హెచ్చరిక వచ్చిందంటే డేరా మడిచేసి పక్కా బిల్డింగులోకి వెళ్లిపోవాలి. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమలో ఏం జరిగిందో చూసినవాళ్లు ఇంకా మన మధ్య ఉన్నారు, అడగండి.

జిప్పు, కడ్డీలు

జిప్పు వేసిన వెనకే విచ్చుకుంటుంటే జిప్పంతా మార్చమని తెస్తారు. చాలాసార్లు పళ్లు బాగానే ఉంటాయి, అరిగింది రన్నర్, అంటే పట్టుకుని లాగే బిళ్ల. అదే నంబరు రన్నర్ మారిస్తే సరిపోతుంది. ఉప్పునీటి చెరువుల దగ్గర వారానికోసారి మంచినీళ్లతో కడిగి కొవ్వొత్తి రుద్దండి.

ఫైబర్‌గ్లాస్ కడ్డీ చీలితే టేపు చుట్టి నెట్టుకురావద్దు. చీలిక పొడవునా పాకుతుంది, ఏదో ఒక రాత్రి హబ్బు దగ్గర పటుక్కున విరిగి గుడ్డని చీల్చుకుని బయటికొస్తుంది. వట్టి చేత్తో నిమిరి చూడకండి, కంటికి ఆనని గాజు ముళ్లు అరచేతిలో దిగి రెండు రోజులు సలుపుతాయి. చేతి తొడుగు వేసుకుని, కోసే చోట టేపు చుట్టి, ముక్కుకి దుమ్ము ఆపే మాస్కు పెట్టుకుని రంపంతో కొయ్యాలి.

అపోహ: పొగ కనబడకపోతే నిప్పుల బకెట్టు లోపల పెట్టుకున్నా ఫర్వాలేదు

ఇది డేరా లోపం కాదు, కానీ దీని గురించి చెప్పకుండా వదలను. దోమలకని బకెట్లో నిప్పులు వేసి వేపాకు పడేస్తారు, పొగ తగ్గాక చలికి పనికొస్తుందని అదే బకెట్టు లోపలికి తెచ్చుకుని జిప్పులన్నీ వేసేస్తారు. పొగ లేని నిప్పుల నుంచి కూడా కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి వాసన లేదు, రంగు లేదు, తలనొప్పి, మగత, ఆ తర్వాత లేవలేరు. గడ్డకట్టిన సరస్సుల మీద మంచుకి రంధ్రం వేసి చేపలు పట్టే అమెరికా, కెనడా వాళ్ల డేరాల్లో కూడా చాలా ఈ హబ్బు రకమే, లోపల గ్యాస్ హీటర్ పెట్టుకుంటారు కాబట్టి అక్కడా ఇదే ప్రమాదం, గాలి కిటికీలు అందుకే.

మా ఊరి దగ్గర గట్టు మీద కాపలా ఉండే ఒక పెద్దాయన పుష్యమాసంలో ఇలాగే పడుకున్నారు. తెల్లవారుజామున ఏరేటర్ (చెరువు నీళ్లలోకి గాలి కలిపే యంత్రం) చూడటానికి వచ్చిన రైతు పిలిస్తే పలకలేదు, బయటికి లాగితే వాంతులు, కాళ్లు నిలబడలేదు. ఆస్పత్రికి తీసుకెళ్లారు, బతికారు. ఆ రైతు తర్వాత డేరా నా దగ్గరికి తెచ్చి, పైనొకటి కిందొకటి దోమతెర కిటికీలు పెట్టమన్నారు, మూసే ఫ్లాప్ కూడా వద్దన్నారు. వాన జల్లు పడకుండా పైదానికి చూరులా గుడ్డ కుట్టి ఇచ్చాను. నెల తర్వాత ఆ పెద్దాయనే షాపుకొచ్చి, "బాబూ, ఇప్పుడు తెల్లారితే దుప్పటి కూడా తడవట్లేదు" అన్నారు.