బెస్సో పోయినప్పుడు ఐన్‌స్టీన్ రాసిన ఉత్తరం

1955 మార్చి 15న మికెలె బెస్సో కన్నుమూశాడు. ఐన్‌స్టీన్‌కి అతను జ్యూరిక్ కుర్రతనం నాటి స్నేహితుడు, దాదాపు అరవై ఏళ్ల బంధం. ఆరు రోజులకి ఐన్‌స్టీన్ బెస్సో ఇంటివాళ్లకి ఉత్తరం రాశాడు. అందులో ఒక మాట ఇప్పటికీ సంతాప సందేశాల్లో తెగ తిరుగుతుంటుంది: ఈ వింత లోకం నుంచి అతను నాకన్నా కాస్త ముందు వెళ్లాడు, దానికి అర్థమేమీ లేదు, భౌతికశాస్త్రాన్ని నమ్మే మాకు గతం, వర్తమానం, భవిష్యత్తు అన్న తేడా ఎంతకీ వదలని భ్రమ మాత్రమే అని. (ఆ ‘కాస్త’ నిజంగా కాస్తే. ఈ ఉత్తరం రాసిన నెల తిరక్కుండా ఏప్రిల్ 18న తనూ పోయాడు.)

వినడానికి వేదాంతంలా ఉంది. కానీ దాని వెనకున్నది లెక్క, అదీ బెస్సోతో వాదించాక తేలిన లెక్క. ఇద్దరూ బెర్న్ పేటెంట్ ఆఫీసులో పనిచేసేవాళ్లు. 1905లో ఒకరోజు తన చిక్కుముడినంతా బెస్సో ముందు పెట్టి చర్చించాననీ, మర్నాడు కనబడగానే థాంక్స్ చెప్పి, సమస్య తీరిపోయిందన్నాననీ ఐన్‌స్టీనే 1922లో క్యోటోలో చెప్పుకొచ్చాడు. 1905లోనే అచ్చయిన సాపేక్షతా వ్యాసం చివర కృతజ్ఞతలు చెప్పింది ఒక్క బెస్సోకే.

తేలిందేమిటంటే, ‘ఇప్పుడు’ అనేది విశ్వమంతటికీ ఒక్కటి కాదు, ఎవరు ఎలా కదులుతున్నారన్న దాన్నిబట్టి అది మారుతుంది. ఆండ్రోమెడా గెలాక్సీ మనకి దాదాపు 25 లక్షల కాంతి సంవత్సరాల దూరం. మీరు రోడ్డు పక్కన నిలబడ్డారు, నేను మీ పక్కనుంచే ఆండ్రోమెడా ఉన్న వైపు మామూలుగా నడిచి వెళ్తున్నాను అనుకోండి. అక్కడ ‘ఈ క్షణం’ ఏది అన్న లెక్కలో మనిద్దరికీ మూడు నాలుగు రోజుల తేడా వస్తుంది! మీ లెక్కలో అక్కడ ఇంకా జరగనిది, నా లెక్కలో జరిగిపోయి ఉంటుంది. ఎవరిది రైటు? ఇద్దరిదీ. అందరికీ చెల్లే ‘ఇప్పుడు’ లేనప్పుడు, జరిగిపోయినది లేకుండా పోయిందని ఎలా అంటాం? రైలు విజయవాడ దాటినంత మాత్రాన విజయవాడ మాయమైపోదు. బెస్సో బతికిన ఏళ్లూ అంతే.

ఈ వాదనని ఒప్పుకోని భౌతికశాస్త్రవేత్తలూ ఉన్నారు. నాకైతే అదే ఉత్తరంలో ఇంకో మాట ఎక్కువ తగిలింది. బెస్సోలో తాను అన్నిటికన్నా మెచ్చుకున్నది, ఒకే మనిషితో అన్నేళ్లు సామరస్యంగా కాపురం చేయడమట. ఆ పనిలో తాను రెండుసార్లు సిగ్గుపడేలా ఓడిపోయానని రాసుకున్నాడు.

ఇంతకీ ఆ భ్రమ ఆయన్నైనా వదిలిందా? లేదనే అనిపిస్తుంది. ‘ఇప్పుడు’ అన్న అనుభవం మనిషికి చాలా ప్రత్యేకమైనదనీ, భౌతికశాస్త్రానికి మాత్రం అది అందదనీ ఐన్‌స్టీన్ బాధపడుతుండేవాడని తత్వవేత్త రుడాల్ఫ్ కార్నప్ తన ఆత్మకథలో రాశాడు.