కాల్పనికేతర పుస్తకాల బలాబలాలు: అపోహలు - వాస్తవాలు

చరిత్ర, విజ్ఞానశాస్త్రం, ఆత్మకథ, ఆరోగ్యం, వ్యాపారం, ప్రకృతి పరిశీలన... ఇలా కథ, కవిత్వం కాని పుస్తకాలను చదివి వాటి బాగోగులు రాయడం నా పని. ‘ఇంతకీ పుస్తకం మంచిదేనా?’ అని ఎవరైనా అడిగితే ఒక్క ముక్కలో జవాబు చెప్పడం ఎప్పుడూ కష్టమే. ఏ పుస్తకం చేతికి వచ్చినా నేను మొదట వెతికేది ఒక్కటే: ఈ మాట రచయితకు ఎలా తెలిసింది? ఆ ప్రశ్నకు చరిత్రకారుడు ఇవ్వాల్సిన జవాబు వేరు, వైద్యుడు ఇవ్వాల్సింది వేరు, సొంత జీవితం రాసుకున్న మనిషి ఇవ్వాల్సింది వేరు. ఈ తేడాను పట్టించుకోకపోవడం వల్ల పుట్టిన అపోహలు నాకు తరచూ ఎదురవుతుంటాయి.

అపోహ: పేరున్న సంస్థ అచ్చు వేసింది కాబట్టి విషయాలన్నీ ఎవరో సరిచూసే ఉంటారు.

వాస్తవం: చాలా ప్రచురణ సంస్థల్లో సంపాదకులు చూసేది నిర్మాణం, భాష, స్పష్టత. పరువునష్టం దావా పడే అవకాశం ఉంటే న్యాయవాది కూడా ఒకసారి చూస్తారు. వివరాలన్నీ నిజమేనని పూచీ పడేది మాత్రం ఒప్పందం మీద సంతకం చేసిన రచయితే. వాటిని సరిచూసే మనిషిని పెట్టుకోవాలనుకుంటే ఆ ఖర్చు కూడా సాధారణంగా రచయిత మీదే పడుతుంది. విశ్వవిద్యాలయాల ప్రచురణ సంస్థలు రాతప్రతిని బయటి నిపుణులకు పంపి వారి అభిప్రాయం తీసుకుంటాయి. అది మేలైన పద్ధతి. అయితే ఆ నిపుణులు కూడా రచయిత చూసిన ప్రతి దస్తావేజునూ మళ్లీ తెరవరు.

విక్టోరియా కాలపు ఇంగ్లండులో స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన తీరు మీద నయోమీ వుల్ఫ్ రాసిన పుస్తకం 2019లో వచ్చింది. ఆక్స్‌ఫర్డ్‌లో ఆమె చేసిన డాక్టరేట్ పరిశోధనే దానికి మూలం. పాత కోర్టు రికార్డుల్లో మరణశిక్ష నమోదైనట్లు కనిపించిన కేసుల్లో శిక్ష అమలు కూడా జరిగిందని ఆమె భావించారు. కానీ 1823 నాటి చట్టం ప్రకారం, దోషికి ప్రాణభిక్ష దక్కాలని న్యాయమూర్తి అనుకున్నప్పుడు శిక్షను పైకి ప్రకటించకుండా ఊరికే నమోదు చేసేవారు. బీబీసీ రేడియోలో ఆమెను ఇంటర్వ్యూ చేసిన మాథ్యూ స్వీట్ ముందుగానే ఆ రికార్డులను చూసి వచ్చి, కార్యక్రమంలోనే ఈ సంగతి చెప్పారు. అమెరికాలో ప్రచురణకర్తలు ఆ పుస్తకం విడుదలను ఆపేశారు. పరిశోధన గ్రంథం, పరీక్షకులు, సంపాదకులు ఇన్ని అంచెలు దాటిన పొరపాటు, మూలాన్ని స్వయంగా చూసిన ఒక్క పాఠకుడి దగ్గర ఆగిపోయింది.

అపోహ: చివర్లో ఆధారాల పేజీలు ఎంత ఎక్కువగా ఉంటే పుస్తకం అంత గట్టిది.

వాస్తవం: ఆధారాలు చూపడం గొప్ప గుణమే. అవి లేని పుస్తకం కంటే ఉన్న పుస్తకానికి నేను ఎప్పుడూ ఎక్కువ గౌరవం ఇస్తాను. అయితే వాటిని లెక్కపెట్టడం వల్ల ఏమీ తేలదు, వాటి వెంట వెళ్లాలి. అన్నిటి వెంటా వెళ్లడం ఎవరి వల్లా కాదు. అందుకని పుస్తకం వాదనంతా దేని మీద నిలబడి ఉందో అలాంటి రెండు మూడు వాక్యాలను ఎంచుకుని, వాటి మూలం దాకా వెళతాను.

ఏ రంగంలోనైనా నిష్ణాతులు కావాలంటే పదివేల గంటల సాధన కావాలన్న మాట మీరూ వినే ఉంటారు. 2008లో మాల్కం గ్లాడ్‌వెల్ పుస్తకంతో అది ప్రపంచమంతా పాకింది. ఆయన చూపిన ఆధారాల్లో ముఖ్యమైనది 1993లో ఆండర్స్ ఎరిక్సన్, ఆయన సహచరులు ప్రచురించిన పరిశోధనా పత్రం. పశ్చిమ బెర్లిన్ సంగీత అకాడమీలో వయొలిన్ నేర్చుకుంటున్న వారి మీద చేసిన అధ్యయనం అది. ఆ పత్రం తెరిస్తే కనిపించేది ఇది: అందరికంటే మెరుగైన విద్యార్థుల బృందంలో ఉన్నది పదిమంది. ఇరవై ఏళ్లు వచ్చేసరికి వారి సాధన సగటున పదివేల గంటలు దాటింది. సగటు అంటే అందులో అంతకంటే తక్కువ చేసినవారూ ఉన్నారు. చిన్ననాటి నుంచి ఎన్ని గంటలు సాధన చేశారో వారే గుర్తు చేసుకుని చెప్పిన అంచనాలివి. ఇరవై ఏళ్ల వయసులో వారు ఇంకా విద్యార్థులే, ప్రపంచ స్థాయి విద్వాంసులు కారు. పైగా ఆ పత్రం నొక్కి చెప్పింది గంటల సంఖ్యను కాదు, లోపాలను గుర్తించి సరిదిద్దుకుంటూ చేసే ప్రత్యేకమైన సాధనను. ఈ తేడాలను ఎరిక్సన్ స్వయంగా 2016లో తన పుస్తకంలో వివరించారు. గ్లాడ్‌వెల్ ఆధారం చూపించారు, ఆ ఆధారం నిజంగా ఉంది. కానీ దాని నుంచి సూత్రంగా బయటికి వచ్చిన మాట అందులో లేదు. ఈ రంగంలో నాకు ఎక్కువగా కనిపించే లోపం ఇదే. కల్పించిన ఆధారాలు అరుదు, సాగదీసిన ఆధారాలు కోకొల్లలు.

ఇంకో రకం ఉంది. ఒకరు చెప్పింది మరొకరు, వారిది ఇంకొకరు ఉటంకిస్తూ పోతారు. దశాంశ బిందువు తప్పుగా పడటం వల్లే పాలకూరలో ఇనుము పదిరెట్లు ఉందని లోకం నమ్మిందనే కథ అలాంటిదే. 1981లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో టి.జె. హాంబ్లిన్ వ్యాసం మూలం చూపకుండానే ఆ కథ చెప్పింది. ఆ తర్వాత ఎందరో దాన్ని అజాగ్రత్తకు ఉదాహరణగా రాస్తూ, తామూ మూలం చూడకుండానే ముందుకు పంపారు. ఓలె బ్యోర్న్ రెక్డాల్ 2014లో ఈ గొలుసునంతా విప్పి చూపించారు. అందుకే ఆధారాల పట్టికలో నేను చూసే మొదటి సంగతి, రచయిత అసలు పత్రాన్ని చూపుతున్నారా, దాని గురించి రాసిన మరో పుస్తకాన్నా అని.

అపోహ: ఒక్క పెద్ద తప్పు దొరికిందంటే పుస్తకమంతా దండగ.

వాస్తవం: పుస్తకం మొత్తానికి ఒకే తీర్పు ఇవ్వాలన్న తొందర వల్ల వచ్చే చిక్కు ఇది. మనస్తత్వవేత్త డేనియల్ కానమన్ ‘థింకింగ్, ఫాస్ట్ అండ్ స్లో’ 2011లో వచ్చింది. వృద్ధాప్యాన్ని గుర్తుచేసే మాటలు చూసిన యువకులు తమకు తెలియకుండానే నెమ్మదిగా నడిచారనే తరహా ప్రయోగాలను అందులో ఒక అధ్యాయం వివరిస్తుంది. ఈ ఫలితాలను నమ్మకుండా ఉండే వీలే లేదన్నంత ధీమాగా ఆయన రాశారు. 2012లో ఆ నడక ప్రయోగాన్ని మరింత కట్టుదిట్టంగా మళ్లీ చేస్తే అదే ఫలితం రాలేదు. తక్కువ మందితో చేసిన అధ్యయనాల మీద అతిగా నమ్మకం పెట్టుకున్నానని 2017లో కానమన్ బహిరంగంగా ఒప్పుకున్నారు. ఆ అధ్యాయం బలహీనమైనదని నేనూ చెబుతాను. కానీ అదే పుస్తకంలో లాభనష్టాలను మనం తూచే తీరు గురించి ఆయన, ఆమోస్ ట్వెర్‌స్కీ 1979లో ప్రతిపాదించిన సిద్ధాంతం ఉంది. 2020లో 19 దేశాల్లో నాలుగు వేల మందికి పైగా పాల్గొన్న పరిశోధనలో దాని ముఖ్య ఫలితాలు చాలావరకు నిలబడ్డాయి. ఇలాంటి పుస్తకాన్ని అధ్యాయాల వారీగా తూచక తప్పదు.

ఇంకా ఆసక్తికరమైనది ఆల్ఫ్రెడ్ వెగెనర్ 1915 నాటి గ్రంథం. ఖండాలు కదులుతాయని ఆయన అన్నది నిజం. వాటిని ఏ బలం కదిలిస్తుందో చెప్పిన భాగం తప్పు. ఆయన చూపిన బలాలు అందుకు ఏమాత్రం చాలవని ఆనాటి భౌతిక శాస్త్రవేత్తలు లెక్కగట్టి చూపారు, ఆ లెక్క సరైనదే. కానీ దాన్నిబట్టి ఖండాలు కదలవని తేల్చడం సరికాదని 1960ల నాటికి సముద్రగర్భ పరిశోధనలు రుజువు చేశాయి. ‘ఏం జరిగింది’, ‘ఎందుకు జరిగింది’ అనేవి రెండు వేర్వేరు వాదనలు. సమీక్షలో రెండిటినీ విడదీసి రాయడం అలవాటు చేసుకుంటే చాలా అన్యాయాలు తప్పుతాయి.

అపోహ: రచయిత స్వయంగా అక్కడున్నాడు, ఆయన కంటే ఎవరికి తెలుస్తుంది?

వాస్తవం: దగ్గరగా ఉండటం ఒక బలం, ఒక పరిమితి కూడా. విన్‌స్టన్ చర్చిల్ రెండో ప్రపంచ యుద్ధం మీద రాసిన ఆరు సంపుటాలు 1948 నుంచి వెలువడ్డాయి. నిర్ణయాలు తీసుకున్న గదిలో కూర్చున్న మనిషి రాసిన పుస్తకం, ఆనాటి ఉత్తరాలూ ఆదేశాలూ నిండుగా ఉన్న పుస్తకం. ఆ బలం మరెవరికీ దొరకదు. కానీ జర్మనీ రహస్య సంకేతాలను బ్రిటన్ ఛేదించిన సంగతి అప్పటికి బయటికి రాకూడదు. చర్చిల్‌కు తెలిసినా రాయలేదు. ఆ రహస్యం గురించి విస్తృతంగా తెలిసింది 1974 తర్వాతే. అంతకు ముందు వచ్చిన యుద్ధ చరిత్రల్లో, కొన్ని యుద్ధాలు ఎందుకు అలా మలుపు తిరిగాయో చెప్పే చోట ఒక ఖాళీ ఉంటుంది. చదివేవారికి ఆ ఖాళీ కనిపించదు, ఎందుకంటే కథనం సాఫీగానే సాగిపోతుంది. పాత చరిత్ర పుస్తకం చేతిలోకి తీసుకున్నప్పుడు, అది రాసేనాటికి ఏ దస్తావేజులు ఇంకా తాళం వేసి ఉన్నాయో తెలుసుకోవడం నా మొదటి పని.

ఆత్మకథల్లో మరో జాగ్రత్త కావాలి. నలభై ఏళ్ల కిందటి సంభాషణలు మాట పొల్లుపోకుండా కొటేషన్లలో కనిపిస్తే, రచయిత దగ్గర దినచర్య పుస్తకం ఉందా అని చూడండి. లేకపోతే అది జ్ఞాపకం ఆధారంగా చేసిన పునర్నిర్మాణం. ఆ సంగతి ముందుమాటలో చెప్పిన రచయిత నిజాయితీ ఉన్నవారే. జేమ్స్ ఫ్రే 2003లో తన వ్యసనం గురించి రాసిన ఆత్మకథలో కొన్ని ఘటనలు కల్పితమని, కొన్నిటిని పెంచి రాశారని 2006లో బయటపడింది. ప్రచురణకర్తలు పాఠకులకు డబ్బు వాపసు ఇస్తామన్నారు. అవే పేజీలు నవలగా వచ్చి ఉంటే ఎవరికీ అభ్యంతరం ఉండేది కాదు. ‘ఇది నిజంగా జరిగింది’ అని పాఠకుడికి మాట ఇవ్వడమే ఆత్మకథకు ప్రాణం.

అపోహ: రచయితకు ఒక పక్షం ఉంటే పుస్తకాన్ని నమ్మకూడదు.

వాస్తవం: ఏ అభిప్రాయమూ లేని మనిషి మూడేళ్లు కూర్చుని పుస్తకం రాయడు. నేను చూసేది, ఎదుటి వాదాన్ని రచయిత ఎంత బలంగా చెప్పారని. చార్లెస్ డార్విన్ 1859 నాటి ‘జాతుల పుట్టుక’లో ఆరో అధ్యాయం మొత్తాన్నీ తన సిద్ధాంతానికి ఎదురయ్యే చిక్కులకే కేటాయించారు. మధ్యస్థ రూపాలు ఎందుకు కనిపించవు? కన్నులాంటి సంక్లిష్టమైన అవయవం మెల్లమెల్లగా ఎలా ఏర్పడుతుంది? ప్రత్యర్థి అడగకముందే ఆయనే అడిగారు. ఇందుకు భిన్నంగా, ప్రత్యర్థి వాదంలో అతి బలహీనమైన ముక్కను ఎంచుకుని దాన్ని ఖండించి సంబరపడే పుస్తకాలు ఉన్నాయి. అలాంటివి ఏ పక్షానివైనా సరే, వాటిని బలహీనమైనవనే అంటాను.

రచయిత నడవడిక వేరు, పుస్తకం నాణ్యత వేరు. గణాంకాలతో జరిగే మోసాల గురించి డారెల్ హఫ్ 1954లో రాసిన చిన్న పుస్తకం ఇప్పటికీ ఉపయోగపడుతుంది. అదే హఫ్ 1965లో పొగాకు పరిశ్రమ తరఫున అమెరికా చట్టసభ కమిటీ ముందు సాక్ష్యమిచ్చారు. ఆ సాక్ష్యం నన్ను బాధించింది, కానీ అడుగుభాగం కత్తిరించి చిన్న తేడాను పెద్దగా చూపే గ్రాఫుల గురించి ఆయన రాసింది దానివల్ల అబద్ధం కాలేదు. సమీక్షకులు రెండూ చెప్పాలి.

అపోహ: గెలిచినవారిని అధ్యయనం చేసిన పుస్తకం గెలుపు రహస్యం చెప్పినట్టే.

వాస్తవం: ఫలితం తెలిశాక వెనక్కి తిరిగి కారణాలు వెతికితే ఏదో ఒకటి దొరికి తీరుతుంది. 2001లో జిమ్ కాలిన్స్ ‘గుడ్ టు గ్రేట్’ 1,435 కంపెనీల నుంచి 11 కంపెనీలను ఏరి, అవి ఎందుకు గొప్పవయ్యాయో వివరించింది. వాటిని పోల్చడానికి అంత రాణించని కంపెనీలను కూడా తీసుకోవడం మెచ్చుకోదగిన విషయం, ఈ తరహా పుస్తకాల్లో ఆ శ్రద్ధ తక్కువ. అయినా ఆ పదకొండింటిలో సర్క్యూట్ సిటీ 2008లో దివాలా తీసింది. అదే ఏడాది గృహరుణాల రంగంలోని ఫానీ మే సంస్థను అమెరికా ప్రభుత్వం తన అధీనంలోకి తీసుకుంది. అసలు చిక్కును ఫిల్ రోజెన్‌జ్వైగ్ 2007లో చక్కగా పట్టుకున్నారు. కంపెనీ లాభాల్లో ఉన్నప్పుడు అధిపతిని దార్శనికుడంటారు, నష్టాలు వస్తే అదే మనిషిని అహంకారి అంటారు. అలాంటి పత్రికా కథనాలు, ఇంటర్వ్యూల నుంచి సమాచారం సేకరిస్తే, కారణంగా కనిపించేది నిజానికి ఫలితం పడేసిన నీడే.

అపోహ: కష్టంగా ఉంటే లోతైన పుస్తకం, సాఫీగా చదివిస్తే తేలిక పుస్తకం.

వాస్తవం: రెండిటికీ సంబంధం లేదు. విషయం కష్టమైనప్పుడు వాక్యం కష్టం కావడం వేరు, ఆలోచన తేలకపోవడం వల్ల వాక్యం చిక్కుపడటం వేరు. అలాంటి చోట పేరాను నా సొంత మాటల్లో తిరిగి రాసి చూస్తాను. రెండో ప్రయత్నానికీ ఏమీ మిగలకపోతే, లోపం నాది కాకపోవచ్చు.

అపోహ: అన్ని పుస్తకాలకూ ఒకే కొలబద్ద సరిపోతుంది.

వాస్తవం: రచయిత తలపెట్టని పనిని చేయలేదని తప్పుపట్టకూడదని అమెరికన్ రచయిత జాన్ అప్‌డైక్ 1975లో సమీక్షకులకు చెప్పారు. గాంధీ ఆత్మకథలో 1921 తర్వాతి స్వాతంత్ర్యోద్యమం లేదని ఫిర్యాదు చేయడం అలాంటిదే. తాను రాస్తున్నది సత్యంతో చేసిన ప్రయోగాల కథ మాత్రమేనని ఆయన పీఠికలోనే చెప్పారు. ఆ ప్రయోగాలు ఇంట్లోవారి మీద, ముఖ్యంగా కస్తూర్బా మీద ఎలాంటి భారం మోపాయో ఆయన పూర్తిగా చూడగలిగారా అని అడగడం మాత్రం న్యాయమైన ప్రశ్నే. ఎందుకంటే అది ఆయన తలపెట్టిన పనిలో భాగమే.

చేతిపుస్తకాల సంగతి పూర్తిగా వేరు. రోజర్ టోరీ పీటర్సన్ 1934లో పక్షుల మార్గదర్శిని తెచ్చినప్పుడు, ఒకదానితో ఒకటి పోలి ఉండే పక్షుల బొమ్మలను పక్కపక్కన పెట్టి, తేడా ఎక్కడుందో చిన్న గీతలతో చూపించారు. ఆ పుస్తకం గొప్పతనం వచనంలో లేదు, ఆ గీతల్లో ఉంది. అలాంటి పుస్తకాన్ని బల్ల దగ్గర కూర్చుని అంచనా వేయలేం. బయటికి తీసుకెళ్లి, పిట్ట ఎగిరిపోయేలోపు పేజీ దొరుకుతుందా, పదసూచికలో వెతికిన పేరు ఉందా, ఆడ పక్షికీ పిల్లకూ విడిగా బొమ్మలున్నాయా చూడాలి. కుట్టుపని, తోటపని, మరమ్మతు పుస్తకాలకూ ఇంతే. అందులో చెప్పిన పని ఒక్కటైనా చెప్పినట్లే చేసి చూడనిదే వాటి గురించి నేను రాయను. ఏ మెట్టు దగ్గర సూచన మసకబారిందో చేతికి తెలిసినంతగా కంటికి తెలియదు.

అనువాదమైతే ఇంకొక్కటి చూడాలి. మూలంలో ఉన్న ఆధారాల పేజీలనూ పదసూచికనూ ఖర్చు తగ్గించడానికి వదిలేస్తుంటారు. అప్పుడు ఆ లోపాన్ని రచయిత ఖాతాలో వేయకుండా, ఏ కూర్పు చదివారో సమీక్షలో స్పష్టంగా రాయండి.