50,000 గంటల మాట నమ్మొచ్చా? గ్రో లైట్లపై అపోహలు - వాస్తవాలు

ఇళ్లలో, మేడ మీద గదుల్లో మైక్రోగ్రీన్స్ (చిన్న మొలకల ఆకుకూర), లెట్యూస్ పెంచేవాళ్లకి ర్యాకులు కట్టి గ్రో లైట్లు, అంటే ఎండకి బదులు మొక్కలకి వెలుగిచ్చే లైట్లు, బిగించడం నా పని. పాడైనవి విప్పి చూడటం కూడా నా నెత్తినే పడుతుంది. ఇది రాస్తున్నప్పుడు నా బల్ల మీద మూడు లైట్లున్నాయి, మూడూ వెలగవు. కానీ మూడింటిలోనూ ఎల్‌ఈడీ చిప్‌లు, అంటే వెలుగిచ్చే చుక్కలు, శుభ్రంగా ఉన్నాయి. పోయింది వేరే.

అపోహ: డబ్బా మీద 50,000 గంటలని ఉంది. ఎనిమిదేళ్లు ఢోకా లేదు.

వాస్తవం: లెక్క సరిగ్గానే ఉంది. రోజుకు 16 గంటలు వెలిగిస్తే 50,000 గంటలంటే ఎనిమిదిన్నరేళ్లు. అయితే ఆ గంటలు ఎవరివి? చాలా డబ్బాల మీద ఉండేది చిప్ ఆయుష్షు, లైటుది కాదు. ఎల్‌ఎం-80 అనే పరీక్షలో చిప్‌లని నిర్ణీత వేడి దగ్గర కనీసం 6,000 గంటలు వెలిగించి, వెలుగు ఎంత తగ్గిందో కొలుస్తారు. ఆ కొలతలతో టీఎం-21 పద్ధతిలో ముందుముందు ఎంత తగ్గుతుందో అంచనా కడతారు. అలా కట్టినా, పరీక్షించిన గంటలకి ఆరు రెట్లు మించి చెప్పకూడదు. అంటే 6,000 గంటల పరీక్ష చూపించి 36,000 దాటి చెప్పడానికి లేదు. డ్రైవర్ (చిప్‌లకి సరిపడా కరెంటు అందించే భాగం), ఫ్యాను, సోల్డరింగ్, వైర్లు ఈ పరీక్షలో ఉండనే ఉండవు.

ఇంకో తిరకాసు ఉంది. ఆయుష్షు తీరడమంటే లైటు ఆరిపోవడం కాదు. మామూలుగా చెప్పే ఎల్70 అంటే వెలుగు 100 నుంచి 70కి పడిపోయే సమయం. హాల్లో బల్బు అంత మందగించినా మన కంటికి తెలియదు. మొక్కకి తెలుస్తుంది. కాడలు సాగిపోతాయి, ఆకు పలచబడుతుంది, మనం విత్తనాన్ని తిడతాం. అందుకే గ్రో లైటు కొనేటప్పుడు ఎల్90, అంటే వెలుగు 90కి పడే సమయం, ఎన్ని గంటలని అడగండి. జవాబు చెప్పగలిగిన అమ్మకందారు దొరికితే సగం గట్టెక్కినట్టే.

అపోహ: ఎల్‌ఈడీ వేడెక్కదు.

వాస్తవం: పాత బల్బులా ముందుకి వేడి కొట్టదు కాబట్టి చెయ్యి పెడితే చల్లగా అనిపిస్తుంది. వేడంతా వెనకవైపు. మంచి లైట్లోనైనా 100 వాట్లలో దాదాపు సగం వేడిగానే పోతుంది. మిగతా సగం వెలుగు కూడా ఆకులకీ గోడలకీ తగిలి చివరికి చాలావరకు వేడే అవుతుంది. ఏసీ లెక్క వేసేటప్పుడు పూర్తి 100 వాట్లూ వేసుకోండి.

ఈ వేడికి ముందు బలయ్యేది డ్రైవర్. దాంట్లో ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లుంటాయి, కరెంటుని నిలకడగా ఉంచే చిన్న డబ్బాల్లాంటివి. 10 డిగ్రీలు వేడి పెరిగితే వాటి ఆయుష్షు సగానికి పడుతుందనేది మా పనిలో అందరూ వాడే లెక్క. ఒకాయన మేడ మీద రేకుల గదిలో నాలుగంతస్తుల ర్యాకు కట్టించారు. డ్రైవర్లు లైట్ల వీపు మీదే బిగించాను, నా తప్పే. రెండో వేసవిలో పైవరసవి వరసగా పోయాయి, కిందివరసవి నిక్షేపంగా ఉన్నాయి. విప్పితే కెపాసిటర్లు పూరీల్లా ఉబ్బి ఉన్నాయి. అప్పట్నుంచీ డ్రైవర్లని ర్యాకు బయట, గాలి తగిలే గోడకి బిగిస్తున్నాను. రెండు మీటర్ల వైరు ఖర్చు, అంతే.

అపోహ: వాట్లు ఎక్కువుంటే లైటు మంచిది.

వాస్తవం: ఆన్‌లైన్‌లో '1000 వాట్' అని అమ్మేదాన్ని వాట్ మీటర్‌కి తగిలించి చూడండి. తరచూ 100 చుట్టుపక్కలే చూపిస్తుంది. ఆ వెయ్యి ఏదో పాత దీపంతో పోలిక. అడగాల్సింది ఒక జౌల్ కరెంటుకి ఎన్ని మైక్రోమోల్‌ల (మొక్కకి పనికొచ్చే వెలుగు కొలత) వెలుగు ఇస్తుందని. 2.5 పైన ఉంటే బాగుంది, 1.5 అయితే బిల్లులో కక్కిస్తుంది.

అపోహ: ఊదారంగు లైటే అసలైన గ్రో లైటు.

వాస్తవం: ఆకుపచ్చ వెలుగు మొక్కకి దండగని, ఎరుపూ నీలమే చాలని నమ్మి ఆ రెండూ కలిపితే వచ్చిన రంగిది. 1970ల మొదట్లోనే మెక్‌క్రీ అనే శాస్త్రవేత్త 22 రకాల పంట మొక్కల మీద కొలిచి, ఆకుపచ్చ వెలుగుతోనూ కిరణజన్య సంయోగక్రియ బాగానే జరుగుతుందని చూపించారు. పైగా ఊదా వెలుగులో ఆకు పసుపెక్కిందో, తెగులు పట్టిందో కనపడదు. నేనైతే తెల్ల లైటే బిగిస్తాను.

అపోహ: పేరున్న చిప్ వాడారు కాబట్టి లైటు మంచిదే.

వాస్తవం: ఏ చిప్ అన్నది ఒక్కటే చూస్తే చాలదు, ఒక్కో చిప్‌లోంచి ఎంత కరెంటు పంపుతున్నారన్నదీ చూడాలి. అదే చిప్‌లు రెండింతలు పెట్టి తక్కువ కరెంటుతో నడిపితే వెలుగూ ఎక్కువ, వేడీ తక్కువ, బతుకూ ఎక్కువ. డిమ్మర్ ఉన్న లైటైతే కాస్త పెద్దది కొని 70 శాతంలో నడపమని చెబుతాను.

అపోహ: ఐపీ65 అని రాసుంది, తడికి భయం లేదు.

వాస్తవం: దుమ్ము లోపలికి పోదు, పైపుతో చిమ్మిన నీళ్లకి తట్టుకుంటుంది. ఆ గుర్తుకి అర్థం అంతవరకే. రాత్రి లైటు ఆరి చల్లబడినప్పుడు వైరు దూరే సందులోంచి గదిలోని తేమగాలిని లోపలికి లాక్కుంటుంది, నెలలు గడిచేకొద్దీ లోపల తుప్పు. ఫాగర్‌లో (మంచులా నీళ్లు చిమ్మే యంత్రంలో) బోరునీళ్లు వాడేవాళ్లకి ఇంకో బెడద: ఉప్పదనం లైటు అద్దం మీద తెల్లటి పొరగా పేరుకుంటుంది. లైట్లు మందగించాయి, కొత్తవి కావాలని ఒకరు పిలిచారు. కరెంటు ఆపి, నిమ్మరసం కలిపిన నీళ్లలో తడిపిన మెత్తటి గుడ్డతో తుడిచి వచ్చాను. కొత్త లైట్ల అవసరం రాలేదు.

బూడిద తెగులుకని గదిలో గంధకం పొగ పెట్టేవాళ్లకి ఒక మాట. గంధకం చిప్ లోపలి వెండిపూతని నల్లగా మారుస్తుంది. దాన్ని ఏ గుడ్డతోనూ తుడవలేం.

నిజంగా వెలుగు తగ్గిందా లేదా తెలుసుకోవడానికి ఖరీదైన మీటరే అక్కర్లేదు. బిగించిన రోజే ఫోన్‌లో లక్స్ యాప్‌తో ట్రే మధ్యలో కొలిచి, ఆ అంకె ర్యాకు మీద రాసిపెట్టండి. ఆరునెలలకి అదే ఫోన్, అదే చోటు. తెల్ల లైటైతే లక్స్‌ని 70తో భాగిస్తే మొక్కకి అందే మైక్రోమోల్‌లు సుమారుగా వస్తాయి. లెట్యూస్‌కి 16 గంటల లెక్కన 200 దాకా ఉంటే హాయి. ఊదా లైటుకి ఈ భాగహారం పనిచేయదు.

అపోహ: చవకది కొని ఏడాదికోసారి పారేస్తే పోలా?

వాస్తవం: వంటింట్లో ఒక్క ట్రే మైక్రోగ్రీన్స్‌కైతే పోతుంది. బీఐఎస్ గుర్తున్న మామూలు 20 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబే చాలు, గ్రో లైటని పేరు పెట్టినదానికి డబ్బు పోయకండి. కానీ డ్రైవర్ లేకుండా నేరుగా 230 వోల్టులకి తగిలించే 50 వాట్ల చిప్ జోలికి మాత్రం పోవద్దు. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో చవగ్గా దొరుకుతుంది. అది మెయిన్ కరెంటే. ఎర్తింగ్ లేని తడిగదిలో, తడిచేతులతో దాని దగ్గర పని చేసేది మీరే.

అపోహ: లైటు ఆరిపోతే మొత్తం మార్చాల్సిందే.

వాస్తవం: బల్ల మీది మూడింటిలో రెండింటికి డ్రైవర్ మారిస్తే వెలుగుతాయి. మూడోదాంట్లో డ్రైవర్‌నీ చిప్‌లనీ కలిపి జిగురు పోసి మూసేశారు, అది చెత్తలోకే. కొనేముందే డ్రైవర్ విడిగా ఊడొస్తుందో లేదో చూసుకోండి. మార్చేటప్పుడు మిల్లీయాంప్‌లు, వోల్టుల పరిధి పాతదానికి సరిపోవాలి, కాబట్టి డ్రైవర్ మీది స్టిక్కర్‌ని ఫోటో తీసి దాచుకోండి. బిగించిన రోజే తీయండి. రెండు వేసవులు దాటితే దాని మీద అక్షరాలు మిగలవు.