"కే ప్రాసెసరే వెయ్యన్నా": అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో తక్కువ బడ్జెట్‌లో గేమింగ్ పీసీ కట్టించుకునే పిల్లలు చాలామంది షాపులోకి వస్తూనే అనే మాట ఇది: "అన్నా, కే ప్రాసెసరే వెయ్యి, ఓవర్‌క్లాక్ చేసుకుంటా." కే అంటే పేరు చివర 'కే' ఉండి, వేగం పెంచుకోనిచ్చే ఇంటెల్ ప్రాసెసర్. కంపెనీ పెట్టిన వేగాన్ని మనం పెంచడమే ఓవర్‌క్లాక్. డబ్బు అన్నిటికన్నా ఎక్కువగా వృథా అయ్యేది ఈ ఒక్క అపోహతోనే. ముందు దీన్ని తేల్చుకుందాం.

అపోహ: ఓవర్‌క్లాక్ చేస్తేనే ఎఫ్‌పీఎస్ (సెకనుకు తెర మీద వచ్చే ఫ్రేములు) వస్తుంది, అందుకు కే రకం తప్పదు.

ఇంటెల్ కే ప్రాసెసర్‌ను ఓవర్‌క్లాక్ చేయాలంటే జెడ్690, జెడ్790 లాంటి జెడ్ మదర్‌బోర్డు ఉండాలి. హెచ్610, బీ660, బీ760 బోర్డుల్లో వేగాన్ని నిర్ణయించే మల్టిప్లయర్ కదలదు. కే రకానికి పెట్టెలో కూలర్ రాదు, అదీ విడిగా కొనాలి. కరెంటు ఎక్కువ లాగుతుంది కాబట్టి ఎస్ఎంపీఎస్ (పీసీకి కరెంటు ఇచ్చే డబ్బా) కూడా గట్టిది వేయాలి. ఇంత డబ్బు ఎక్కణ్నుంచి వస్తుంది? గ్రాఫిక్స్ కార్డుకని పెట్టుకున్న దాంట్లోంచే. కార్డు ఒక మెట్టు దిగిపోతుంది. 1080పీలో చాలా గేములను లాగేది ఆ కార్డే. ఐ5-12400ఎఫ్ గానీ రైజెన్ 5 5600 గానీ, 6 కోర్లు 12 థ్రెడ్లతో, ఏమీ కదపకుండానే బడ్జెట్ కార్డుకు సరిపోతాయి.

ఎవరి మాటా నమ్మనక్కర్లేదు, ఉన్న పీసీలోనే చూసుకోండి. వీ-సింక్, ఎఫ్‌పీఎస్ లిమిట్ తీసేసి, ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్‌తో జీపీయూ (గ్రాఫిక్స్ కార్డు) వాడకం తెర మీద పెట్టుకుని పది నిమిషాలు ఆడండి. 95-99 శాతం చూపిస్తుంటే కార్డు తన శక్తంతా పెట్టేసినట్టే. అప్పుడు ప్రాసెసర్‌ను 200 మెగాహెర్ట్జ్ పెంచినా ఒరిగేదేమీ ఉండదు. 60-70 దగ్గర ఊగుతుంటే రిజల్యూషన్‌ను 720పీకి దించండి. అయినా ఎఫ్‌పీఎస్ పెరగకపోతే అడ్డం ప్రాసెసర్, ర్యామ్ వైపు ఉంది. మొత్తం సీపీయూ వాడకం 40 శాతమే ఉందని మోసపోవద్దు. ఒక్క థ్రెడ్ నిండిపోయినా గేమ్ ఆగుతుంది.

అప్పుడు కూడా ముందు చూడాల్సింది ర్యామ్. 3200 వేగం ర్యామ్ కొని, బయోస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగుల్లో) ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ను దాని పూర్తి వేగంతో నడిపే సెట్టింగ్) ఆన్ చేయక 2133లోనో 2666లోనో నడుపుతుంటారు. టాస్క్ మేనేజర్‌లో మెమరీ స్పీడ్ చూస్తే తెలిసిపోతుంది. 16 జీబీ స్టిక్ ఒకటి కాకుండా 8 జీబీవి రెండు వేయండి. నాలుగు స్లాట్ల బోర్డయితే మామూలుగా ప్రాసెసర్ వైపునుంచి లెక్కపెట్టి 2, 4లో పెట్టాలి.

ఓవర్‌క్లాక్ సరదా తీరాల్సిందే అంటే రైజెన్ 5 5600, బీ450 లేదా బీ550 బోర్డు తీసుకోండి. ఏ320, ఏ520 బోర్డులు పనికిరావు. కర్వ్ ఆప్టిమైజర్ అనే బయోస్ సెట్టింగ్‌లో అన్ని కోర్లకూ మైనస్ 10తో మొదలుపెట్టండి. వోల్టేజీ తగ్గి, వేడి తగ్గి, బూస్ట్ నిలబడుతుంది. ప్రాసెసర్‌ను పరీక్షించే ఓసీసీటీ సాఫ్ట్‌వేర్‌లో గంట నిలిచిందని సంబరపడొద్దు. ఈ సెట్టింగ్ తేడా చేస్తే పీసీ ఎక్కువగా ఖాళీగా ఉన్నప్పుడే రీస్టార్ట్ అవుతుంది. అలా అయితే మైనస్ 5కు రండి. ఓవర్‌క్లాక్ వల్ల చెడితే ఏఎండీ, ఇంటెల్ రెండూ వారంటీ ఇవ్వవని గుర్తుంచుకోండి.

అపోహ: వీడియోలో పెట్టిన వోల్టేజీయే మనమూ పెట్టొచ్చు.

వేడి వోల్టేజీ వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 1.20 నుంచి 1.35 వోల్టులకు పెంచితే వోల్టేజీ పెరిగింది 12.5 శాతమే, వేడి మాత్రం దాదాపు 27 శాతం. పైగా ఆ వీడియో తీసింది ఏసీ గదిలో, 25 డిగ్రీల్లో. మే నెలలో మన మిద్దె మీద గదిలో 40 ఉంటుంది. ఆ 15 డిగ్రీలూ ప్రాసెసర్ మీద దాదాపు అట్లాగే చేరతాయి. అక్కడ 75 చూపించింది ఇక్కడ 90 అవుతుంది.

ఏమీ కదపకుండానే 100 డిగ్రీలు చూపిస్తుంటే ముందు కూలర్ చూడండి. ఇంటెల్ బాక్స్ కూలర్‌కు నాలుగు పిన్నులుంటాయి. ఎదురెదురు మూలలు రెండేసి చొప్పున, టక్కుమనేదాకా నొక్కాలి. బోర్డు వెనక తిప్పి చూస్తే నాలుగు చోట్లా ప్లాస్టిక్ కొనలు విచ్చుకుని కనపడాలి. ఒక్కటి ఊడినా కూలర్ ఓరగా కూర్చుంటుంది. ప్రాసెసర్, కూలర్ మధ్య పేస్టు బఠాణీ గింజంత చాలు.

మిగతావి

గిగాహెర్ట్జ్ ఎక్కువుంటే ఫాస్ట్ అనేది తప్పు. వేరే తరాల మధ్య ఆ పోలికే చెల్లదు.

"ఐ7, 16 జీబీ" అని చవగ్గా అమ్మే పాత పీసీల్లో తరచూ ఉండేది 2011 నాటి ఐ7-2600. దానికి ఏవీఎక్స్2 (కొన్ని కొత్త గేములు వాడే ప్రాసెసర్ ఆదేశాలు) లేదు, అది అడిగే కొత్త గేములు తెరుచుకోవు. ఐ3-12100ఎఫ్ దానికన్నా ఎంతో మేలు.

ఎఫ్ ప్రాసెసర్ (లోపల గ్రాఫిక్స్ లేనిది) వేసి బోర్డు హెచ్‌డీఎంఐకి వైరు పెడితే డిస్‌ప్లే రాదు. వైరు కార్డుకు పెట్టండి.

ఇక ఎక్స్‌ఎంపీ ఆన్ చేయగానే తెర నల్లబడితే చాలామంది వణికిపోతారు, ఇంట్లో ఏమంటారోనని. ఏమీ కాలిపోలేదు. బోర్డు ర్యామ్‌ను సరిచూసుకుంటోంది, రెండు మూడు నిమిషాలు ఆగండి. అప్పటికీ రాకపోతే ప్లగ్ తీసి, పవర్ బటన్ ఒకసారి నొక్కి, బోర్డు మీది గుండ్రటి బ్యాటరీని ఐదు నిమిషాలు తీసి మళ్లీ పెట్టండి. పాత సెట్టింగులతో లేస్తుంది. ఈసారి ఎక్స్‌ఎంపీ పెట్టి, స్పీడ్ మాత్రం 3000కు దించి చూడండి.