పెరటి తలుపు మీద తెల్ల డబ్బీ

పర్లాకిమిడి,
దీపావళి వెళ్ళిన వారం.

చిరంజీవులు అమ్మడుకీ, చిన్నోడికీ తాతయ్య ఆశీస్సులు. నేనూ నానమ్మా ఇక్కడ క్షేమం. భువనేశ్వర్ చేరాక మీరు ఫోన్ చేశారు గానీ, ప్రయాణం కబుర్లతోనే సరిపోయింది. చిన్నోడు బస్సెక్కుతూ నా చెవిలో అడిగిన మాటకు జవాబు ఇవ్వనేలేదు. అప్పటినుంచీ అది నా మనసులోనే ఉంది.

"తాతయ్యా, పెరటి తలుపు మీద తెల్ల డబ్బీలో కెమెరా ఉందా? నేను లడ్డూలు తీసుకెళ్ళడం నాన్నకి కనిపించిందా?"

సెలవుల్లో చివరి రెండు రోజులూ నువ్వు పెరట్లోకి వెళ్ళకుండా వీధి గుమ్మం నుంచి చుట్టూ తిరిగి ఎందుకు వెళ్ళావో నాకు అప్పుడు అర్థమైంది. అందులో కెమెరా లేదు నాన్నా. మైకు కూడా లేదు. అది తలుపు తెరిచి ఉందో మూసి ఉందో ఫోన్‌కి చెప్పే సెన్సార్, అంతే. అందులో ఏముందో, అది ఏం చెప్పగలదో, ఏం చెప్పలేదో రాస్తాను. అక్కతో కలిసి చదువుకో. ఒడియా బడికి వెళ్తున్నా మీకు తెలుగు చదవడం వచ్చింది కాబట్టి ఇంత ఉత్తరం రాయగలుగుతున్నాను. గిడుగు రామమూర్తి గారు బడిలో పాఠాలు చెప్పిన ఊరు ఇది. మాట్లాడే తెలుగులోనే రాయాలని ఆయన జీవితమంతా పోరాడారు. అందుకే నేనూ మీతో మాట్లాడినట్టే రాస్తున్నాను.

ముప్పై ఏళ్ళు బజారులో రేడియోలు, టేప్ రికార్డర్లు బాగుచేసినవాణ్ణి. మూసి ఉన్న డబ్బా కనిపిస్తే లోపల ఏముందో చూసేదాకా నాకు తోచదు. మీ నాన్న నాలుగు సెన్సార్లు తెచ్చాడు. మూడు అంటించి, నాలుగోది అదనంగా ఉండనీ అన్నాడు. మరుసటి రోజే దాని మూత గోటితో విప్పాను. ఒక గుండ్రటి సెల్లు, వేలిగోరంత సర్క్యూట్ బోర్డు, దాని అంచున ఒక గాజు గొట్టం. గొట్టం అంటే పెద్దదేమీ కాదు, బియ్యపు గింజ కంటే కాస్త పొడుగు. భూతద్దం పెట్టి చూస్తే లోపల రెండు సన్నటి లోహపు రేకులు, ఒకటి ఈ చివరి నుంచి, ఒకటి ఆ చివరి నుంచి వచ్చి మధ్యలో ఒకదాని మీద ఒకటి వాలబోయి ఆగిపోయినట్టున్నాయి. ఆ రెంటికీ మధ్య వెంట్రుకంత సందు. అదే దీని గుండెకాయ. దీన్ని రీడ్ స్విచ్ అంటారు. రీడ్ అంటే రెల్లు. రేకులు నిజంగా రెల్లు పరకల్లాగే ఉంటాయి.

సెన్సార్ పక్కన, తలుపు రెక్క మీద ఇంకో చిన్న ముక్క అంటించాం చూశావా? అందులో ఉన్నది ఉత్త అయస్కాంతమే. తలుపు మూస్తే అయస్కాంతం గాజు గొట్టం పక్కకు వస్తుంది. అప్పుడు ఒక రేకు కొస ఉత్తర ధ్రువం, ఎదురు రేకు కొస దక్షిణ ధ్రువం అవుతాయి. ధ్రువాలు వేరైతే ఆకర్షించుకుంటాయని బడిలో చదివారు కదా, ఆ రెండు కొసలూ అతుక్కుంటాయి, కరెంటుకు దారి దొరుకుతుంది. తలుపు తీస్తే అయస్కాంతం దూరమవుతుంది, రేకులు స్ప్రింగులా విడిపోతాయి. ఆ మార్పునే బోర్డు మీది చిప్ కనిపెట్టి, "విడిపోయాయి" అని రేడియోలో ఒక చిన్న కబురు వదులుతుంది. రేకులు తుప్పు పట్టకుండా గొట్టంలో మామూలు గాలికి బదులు నైట్రోజన్ లాంటి వాయువు నింపి సీలు చేస్తారు. కొన్ని కొత్త రకాల్లో గాజు గొట్టం ఉండదు, అయస్కాంతాన్ని గుర్తుపట్టే హాల్ సెన్సార్ అనే చిప్ ఉంటుంది. పని మాత్రం అదే.

అమ్మడూ, నీకు చరిత్ర ఇష్టం కాబట్టి ఒక మాట. ఈ రీడ్ స్విచ్‌ని అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో వాల్టర్ ఎల్వుడ్ అనే ఆయన 1936లో తయారుచేశాడు. అదే ఏడాది ఏప్రిల్ 1న ఒడిశా వేరే ప్రావిన్స్ అయింది, మన పర్లాకిమిడి ఇటు చేరింది, పక్కనే ఉన్న పాతపట్నం అటు మద్రాసు ప్రావిన్స్‌లో ఉండిపోయింది. ఇన్నేళ్ళ కిందటి గాజు గొట్టం ఇవాళ మన ఫోన్‌కి కబురు పంపుతోంది అనుకుంటే నాకు చెప్పలేని ముచ్చటగా ఉంటుంది.

చిన్నోడా, అంటే లడ్డూల సంగతి దానికి తెలియదు. ఎవరు తీశారో తెలియదు, లోపలికి వచ్చారో బయటికి వెళ్ళారో తెలియదు. అయస్కాంతం దగ్గరుందా, దూరమైందా, అంతే. ఈ మాట నువ్వు గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. ఎందుకో చెప్తాను.

వినాయక చవితి వెళ్ళాక ఒక రాత్రి పడుకునే ముందు ఫోన్ చూశాను. పెరటి తలుపు "క్లోజ్డ్" అని ఉంది. హాయిగా పడుకున్నాను. రాత్రి రెండింటికి వర్షంతో పాటు ఈదురుగాలి వచ్చి తలుపు బార్లా తెరుచుకుంది. ఫోన్ మోగేసరికి, వంటింట్లో ఒక వీధికుక్క పాలగిన్నె దొర్లించింది. నానమ్మ ఆ చప్పుడుకి లేచి చీకట్లో ఎంత బెదిరిపోయిందో! తప్పు సెన్సార్‌ది కాదు. అది నిజమే చెప్పింది. తలుపు దగ్గరగా వేసి ఉంది, గడియ మాత్రం వేయలేదు. దగ్గరగా వేసిన తలుపుకీ, గడియ వేసిన తలుపుకీ మధ్య ఉన్న తేడా ఆ అయస్కాంతానికి తెలియదు. ఇప్పుడు ఫోన్ చూసినా సరే, పడుకునే ముందు చేత్తో గడియ తడిమి చూస్తున్నాను.

కిటికీ కూడా అంతే. ఒడియాలో మీరు ఝరకా అంటారు కదా, మన వెనక గది ఝరకాకి పెట్టిన సెన్సార్ రెక్క తెరిస్తేనే పలుకుతుంది. గాలి కోసం మనమే రెక్క తీసి పెట్టుకుంటే, ఆ తర్వాత అందులోంచి ఎవరు చెయ్యి పెట్టినా దానికి పట్టదు. అద్దం పగలగొట్టినా రెక్క కదలనంత వరకూ దాని దృష్టిలో కిటికీ మూసే ఉంది. ఇంకో సంగతి, పాత స్పీకర్‌లోంచి తీసిన పెద్ద అయస్కాంతం నా దగ్గర ఒకటుంది. తలుపు బార్లా తీసి, దాన్ని సెన్సార్ పక్కన పట్టుకున్నాను. ఫోన్‌లో "క్లోజ్డ్" అని వచ్చింది!

అంటించడంలో మీ నాన్న తొందరపడ్డాడు, నేను తర్వాత సరిచేశాను. గాజు గొట్టం ఉన్న డబ్బీ కదలని ద్వారబంధానికి, అయస్కాంతం కదిలే రెక్కకి అంటించాలి. రెంటి మీదా గీతలుంటాయి, అవి ఎదురెదురుగా రావాలి. మధ్య దూరం ఒక సెంటీమీటరు లోపు ఉంటే నిశ్చింత. మన వీధి తలుపు రెండు రెక్కలది కాబట్టి డబ్బీ ఒక రెక్కకి, అయస్కాంతం రెండో రెక్కకి పెట్టాను. ఏ రెక్క తీసినా రెండూ విడిపోతాయి. పెరటి తలుపు ఇనప గ్రిల్‌కి పెట్టిందే మొండికేసింది. ఇనుము అయస్కాంతం బలాన్ని తనలోకి లాక్కుంటుంది, గాజు గొట్టం దాకా చేరనివ్వదు. అగ్గిపెట్టె మందాన చెక్క ముక్క అడుగున పెడితే దారికొచ్చింది. సున్నం వేసిన గోడ మీద మాత్రం టేపు ఎన్నిసార్లు అంటించినా పొడితో సహా ఊడి వచ్చేస్తుంది.

ఇక ఆ కబురు ఎలా ప్రయాణిస్తుందంటారా? మన ఇంట్లోవి జిగ్‌బీ అనే రేడియో పద్ధతివి. తేనెటీగలు తుట్టెకు తిరిగొచ్చి నాట్యం చేస్తూ పూలు ఎక్కడున్నాయో తోటి ఈగలకు చెప్తాయి చూడండి, ఆ ఆటను బట్టే ఆ పేరు పెట్టారు. డబ్బీ కబురు ముందు గదిలో ఉన్న హబ్ అనే పెట్టెకు చేరాలి, అక్కడినుంచే ఫోన్‌కి వెళ్తుంది. మన పాత ఇంటి గోడలు మూరెడు మందం. పెరటి నుంచి నేరుగా అందలేదు. మీ నాన్న మధ్య గదిలో ఒక స్మార్ట్ ప్లగ్ పెట్టాడు. కరెంటు మీద నడిచే పరికరాలు పక్కవాళ్ళ కబురు అందుకుని ముందుకు అందించగలవు. సెల్లు మీద నడిచేవి ఆ పని చేయవు, వాటికి అంత ఓపిక ఉండదు. అంతా బాగానే ఉందనుకుంటే, రోజూ రాత్రి తొమ్మిది దాటాక పెరటి సెన్సార్ ఉలుకూ పలుకూ లేకుండా పోయేది. వారం రోజులు తల పట్టుకున్నాను. చివరికి చూస్తే, కరెంటు వృథా అవుతుందని నానమ్మ పడుకునే ముందు ఆ ప్లగ్ స్విచ్ ఆపేస్తోంది! ఇప్పుడు ఆ స్విచ్ మీద ఎర్ర టేపు అంటించాను. అది మీరూ ముట్టుకోకండి.

తిత్లీ తుపాను మీకు గుర్తుండదు. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటి మన గజపతి జిల్లా మీద విరుచుకుపడింది. కొండచరియలు విరిగిపడి ఊళ్ళు ఊళ్ళే దుఃఖంలో మునిగాయి. కరెంటు లేని ఆ రాత్రులు నేను మరిచిపోలేను. అలాంటి రోజు మళ్ళీ వస్తే డబ్బీలు వాటి సెల్లు మీద బతికే ఉంటాయి, కానీ కబురు అందుకునే హబ్, రౌటర్ ఆరిపోతాయి. అందుకని ఆ రెంటికీ చిన్న బ్యాటరీ పెట్టించాను. అది కొన్ని గంటలే ఆగుతుంది. ఆ తర్వాత ఫోన్‌లో ఏమీ రాకపోతే ఇంట్లో ఏమీ జరగలేదని అనుకోకూడదు, అడిగి తెలుసుకోవాలి.

సెల్లు గురించి మాత్రం ఇద్దరూ శ్రద్ధగా చదవండి. దాని మీద సీఆర్ 2032 అని ఉంటుంది. 20 అంటే 20 మిల్లీమీటర్ల వెడల్పు, 32 అంటే 3.2 మిల్లీమీటర్ల మందం. డబ్బీ ఎక్కువసేపు నిద్రలోనే ఉంటుంది కాబట్టి ఏడాదికి పైగా వస్తుంది. ఈ రకం సెల్లు చివరిదాకా బలంగానే కనిపించి ఒక్కసారిగా చతికిలబడుతుంది, అందుకే ఫోన్ చూపించే శాతాన్ని నమ్మకుండా ప్రతి ఉగాదికీ మార్చేద్దామని నిర్ణయించాను. ఒకసారి సెల్లు మారుస్తూ పాతది చాప మీద పెట్టాను. పిన్ని వాళ్ళ బుడ్డోడు దాన్ని తీసి నోటి దాకా తీసుకెళ్ళాడు. నానమ్మ చూసి లాక్కోబట్టి సరిపోయింది. నా చేతులు వణికిపోయాయి. ఆ బిళ్ళ పిల్లల అన్ననాళంలో ఇరుక్కుంటే, తడి తగిలి దానిలోంచి కరెంటు పారి, అక్కడ ఘాటైన క్షారం పుడుతుంది. రెండు గంటల్లోనే లోపల తీవ్రంగా కాలిపోవచ్చు. అయిపోయిన సెల్లులో కూడా అంత శక్తి మిగిలే ఉంటుంది. ఎప్పుడైనా ఏ పిల్లవాడైనా మింగినట్టు అనుమానం వచ్చినా ఆగకండి, అరటిపండు పెట్టి చూద్దాం అని ఎవరన్నా వినకండి. వెంటనే పెద్దవాళ్ళకి చెప్పి ఆసుపత్రికి పరిగెత్తించండి, ఎక్స్‌రే తీస్తారు. తీసేసిన సెల్లుకి రెండు వైపులా టేపు చుట్టి నేను పై అరలో తాళం డబ్బాలో పెడుతున్నాను. మీ ఇంట్లో బొమ్మల్లో, రిమోట్లలో కూడా ఇవే ఉంటాయి. వాటి మూతల స్క్రూలు ఉన్నాయో లేదో ఇవాళే చూడండి.

ఇంకొక్కటి. తలుపు ఎప్పుడు తెరిచారో, ఎప్పుడు మూశారో ఆ యాప్‌లో చిట్టా మొత్తం ఉంటుంది. అది చూసినవాళ్ళకి ఇల్లు ఏ వేళ ఖాళీగా ఉంటుందో తెలిసిపోతుంది. స్నేహితులకు చూపించొద్దు, పాస్‌వర్డ్ చెప్పొద్దు.

మీ నాన్నతోనూ నాకు దీని గురించి ఒక మాట జరిగింది. మొదటి నెలలో నేను రాత్రి పెరట్లోకి లేచిన ప్రతిసారీ పొద్దున్నే ఫోన్. "నాన్నా, రెండింటికి లేచావు, ఒంట్లో బాగాలేదా?" వాడి టెన్షన్ నాకు తెలుసు, ఇంత దూరాన ఉండి మా గురించే ఆలోచిస్తాడు. అయినా నా ఇంట్లో నేను ఎన్నిసార్లు లేచానో ఎవరో లెక్కపెడుతున్నారంటే మనసుకు కష్టంగా ఉండేది. నాలుగు రోజులు ఆలోచించి వాడికి అదే చెప్పాను. వాడు కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత మార్చేశాడు. ఇప్పుడు రాత్రి కబుర్లు నా ఫోన్‌కే వస్తాయి. పొద్దున్న ఏడున్నరకి కూడా పెరటి తలుపు తెరవకపోతేనే వాడికి వెళ్తుంది. నానమ్మ ఆరింటికల్లా తులసికోట దగ్గర ఉంటుంది కాబట్టి ఇప్పటిదాకా అది ఒక్కసారీ మోగలేదు. మీరు పెద్దయ్యాక ఎవరి ఇంట్లో ఏం పెట్టినా, ఆ ఇంట్లో ఉండేవాళ్ళని ముందు అడిగి పెట్టండి.

విప్పిన నాలుగో సెన్సార్, స్పీకర్ అయస్కాంతం, భూతద్దం అన్నీ పాత బిస్కెట్ డబ్బాలో పెట్టి ఉంచాను. సంక్రాంతికి వచ్చాక మీ చేతులతో మీరే చేసి చూద్దురు గాని. వర్షాలకి ఉబ్బిన వెనక కిటికీ రెక్క ఎండి, దాని డబ్బీ కాస్త పక్కకు జరిగింది. దాన్ని సరిగ్గా గీతకి గీత కలిపి అంటించే పని చిన్నోడిదే. లడ్డూలు పెరటి గదిలో అదే డబ్బాలో ఉంటాయి, తలుపు తీసుకునే వెళ్ళు.

మీ తాతయ్య