క్రోమోజోమ్ తేడాలున్న పిల్లలు: బరువు లెక్క ఎలా మారుతూ వచ్చింది

హైదరాబాద్‌లో పిల్లల తిండి గురించి ఏ డాక్టరు ఏ సలహా ఇచ్చినా, దాని వెనుక తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పట్టిక ఉంటుంది. 1918లో కూనూరులో ఒక గదిలో మొదలై, తర్వాత మన నగరానికి తరలివచ్చిన ఈ సంస్థ లెక్క ప్రకారం 7 నుంచి 9 ఏళ్ల పిల్లలకు రోజుకు సుమారు 1700 కేలరీలు కావాలి. మామూలుగా ఎదిగే పిల్లలను దృష్టిలో పెట్టుకుని, వయసును బట్టి వేసిన అంకె ఇది. క్రోమోజోమ్ (కణాల్లో జన్యువులను మోసే పోగు) తేడాతో పుట్టిన పిల్లలకూ దీన్నే వర్తింపజేసినప్పుడు, ఎంతో శ్రద్ధగా వండిపెట్టే తల్లి చేతి మీదుగానే బిడ్డకు హాని జరుగుతుంది.

డౌన్ సిండ్రోమ్‌ను ఇంగ్లండ్ వైద్యుడు జాన్ లాంగ్డన్ డౌన్ 1866లోనే వర్ణించారు. 21వ క్రోమోజోమ్ ఒకటి అదనంగా ఉండటమే కారణమని 1959లో జెరోమ్ లెజూన్ బృందం వెల్లడించింది. ఈ పిల్లల కోసం ప్రత్యేక ఎదుగుదల చార్టులు అమెరికాలో 1988లో వచ్చాయి, 2015లో వాటిని కొత్తగా వేశారు. ఈ పిల్లల్లో దాదాపు సగం మందికి పుట్టుకతోనే గుండె లోపం ఉంటుంది కనుక, పాలు తాగుతూనే అలసిపోయే పసితనంలో వారికి కేలరీలు ఎక్కువ కావాలి. కొన్నేళ్లకు కండరాల బిగువు తక్కువగా ఉండటం, విశ్రాంతిలో ఖర్చయ్యే శక్తి తగ్గటం, థైరాయిడ్ మందగించటం వల్ల అదే బిడ్డ సులువుగా లావెక్కుతుంది. ప్రత్యేక చార్టులోనూ ఒక చిక్కు ఉంది. దాన్ని తయారుచేసిన పిల్లల్లోనే చాలామంది బరువు ఎక్కువగా ఉన్నవారు కావటంతో, అందులో సగటుగా కనిపించే బరువు ఆరోగ్యకరమైనదని చెప్పలేం. పదేళ్లు దాటాక, ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చూపే మామూలు బీఎంఐ చార్టునే చూడమని పిల్లల వైద్యులు చెప్పేది అందుకే.

అయితే ఈ చరిత్రలో అన్నిటికంటే ఎక్కువ నేర్పినది ప్రాడర్-విల్లీ సిండ్రోమ్. 1956లో జ్యూరిక్‌లో ఆండ్రియా ప్రాడర్, అలెక్సిస్ లాబ్‌హార్ట్, హైన్రిక్ విల్లీ దీన్ని వర్ణించారు. 15వ క్రోమోజోమ్‌లో ఒక ముక్క లోపించటమే చాలామందిలో కారణమని 1981లో తెలిసింది. పుట్టినప్పుడు ఈ బిడ్డ ఒళ్లు మెత్తగా వేలాడుతుంది, చనుబాలు గట్టిగా లాగలేదు, ఒక్కోసారి గొట్టంతో పాలు పట్టాల్సివస్తుంది. రెండేళ్లు దాటాక, తిండి ఏమీ పెరగకుండానే బరువు పెరగటం మొదలవుతుంది. తీరని ఆకలి ఆ తర్వాతి సంగతి, చాలామందిలో ఎనిమిదేళ్ల ప్రాంతంలో అది పూర్తిగా బయటపడుతుంది. ఈ వరుస స్పష్టమయ్యేసరికి ఎన్నో దశాబ్దాలు పట్టింది. అంతవరకూ ఈ పిల్లలను తిండిపోతులనీ, తల్లిదండ్రులను అదుపులో పెట్టలేనివారనీ అన్నారు. అది అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను, ఎందుకంటే ఆ ఆకలి పుట్టేది మెదడులోని హైపోథాలమస్‌లో, పెంపకంలో కాదు.

అందుకే ఈ పిల్లలకు కేలరీలను వయసును బట్టి కాకుండా ఎత్తును బట్టి లెక్కించే పద్ధతి వచ్చింది. బరువు నిలకడగా ఉండటానికి సెంటీమీటరుకు సుమారు 10 నుంచి 11 కేలరీలు చాలు. అంటే 120 సెంటీమీటర్ల ఎనిమిదేళ్ల పిల్లవాడికి 1200 నుంచి 1320 కేలరీలు. తార్నాక పట్టికలోని 1700 కంటే ఇది 380 నుంచి 500 తక్కువ. ఇక్కడ తల్లికి ఒక ఇబ్బంది ఎదురవుతుంది. కేలరీలు తగ్గినా మాంసకృత్తులు, కాల్షియం, విటమిన్లు తగ్గకూడదు కనుక, అన్నం గిన్నెతో కొలిచి పెట్టి, పప్పు, పెరుగు, ఆకుకూర ఎక్కువగా వడ్డించాలి. నెయ్యి చెంచాతో కొలవాలి. మన ఇళ్లలో అమ్మమ్మ కలిపిపెట్టే నేతిముద్దకూ, పక్కింటివారు ప్రేమతో చేతిలో పెట్టే ఉస్మానియా బిస్కెట్‌కూ వద్దని చెప్పటమే అన్నిటికంటే కష్టమైన పని. వంటగదికి, ఫ్రిజ్‌కు తాళం వేయటం ఈ ఇళ్లలో శిక్ష కాదు, చికిత్సలో భాగం.

గ్రోత్ హార్మోన్ ఇంజెక్షన్‌ను ఈ పిల్లల కోసం అమెరికా 2000లో ఆమోదించింది. అది ఎత్తును, కండను పెంచుతుంది. ఆకలికి మాత్రం మందు లేకుండానే పాతికేళ్లు గడిచాయి. 2025 మార్చిలో డయాజాక్సైడ్ కోలిన్ అనే మందుకు అక్కడ అనుమతి లభించింది. అయినా లెక్క మొదలయ్యేది పరీక్ష నుంచే. ఒళ్లు మెత్తగా ఉండి పాలు తాగలేని పసికందుకు, ప్రాడర్-విల్లీని నిర్ధారించే డీఎన్ఏ మిథైలేషన్ అనే జన్యు పరీక్ష నెలల వయసులోనే చేయిస్తే, బరువు పెరగటం మొదలయ్యే రెండేళ్ల వయసుకు ముందే అన్నం గిన్నె కొలత ఇంట్లో అందరికీ తెలిసి ఉంటుంది.