ఉచిత సీటు ఎవరికి? లాటిన్ అమెరికా యూనివర్సిటీల వందేళ్ళ పోరాటం

బ్రెజిల్‌లో ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఫీజు ఉండదు, 1988 రాజ్యాంగంలోనే ఆ మాట రాసుకున్నారు. అయినా మెడిసిన్, లా, ఇంజనీరింగ్ క్లాసుల్లో చాలా కాలం పాటు కనిపించింది ఎక్కువగా డబ్బున్న ఇళ్ళ తెల్ల పిల్లలే. ఎందుకంటే అప్పట్లో సీటు రావాలంటే వెస్టిబులార్ అనే ప్రవేశ పరీక్ష గట్టెక్కాలి, దానికోసం చిన్నప్పటి నుంచి ఖరీదైన ప్రైవేటు బడిలో చదివి, ఆపైన ‘కుర్సిన్యో’ అనే కోచింగ్ సెంటర్లో ఏడాదో రెండేళ్ళో కూర్చోవాలి. ఎంసెట్ కోచింగులు చూసిన మనకి ఇది వేరే వివరించక్కర్లేదు. సర్కారు బడిలో చదివిన పిల్లలేమో పగలంతా పని చేసుకుని, రాత్రిపూట ప్రైవేటు కాలేజీలో సొంత డబ్బు కట్టి చదివేవాళ్ళు. పేదవాళ్ళు కూడా కట్టే పన్నులతో నడిచే సీటు ఉన్నవాళ్ళ పిల్లలకి దక్కింది, ఫీజు రసీదు లేనివాళ్ళ చేతిలో పడింది. ఆ ఖండంలో ఉన్నత విద్య గురించి ఏ గొడవ జరిగినా దాని అడుగున ఈ అన్యాయమో, దీని అన్నదమ్ముల్లాంటిదో ఉంటుంది.

మొదలు మాత్రం అర్జెంటీనాలో. కోర్డోబా యూనివర్సిటీ 1613లో జెసూట్ మతగురువులు పెట్టింది. మూడు వందల ఏళ్ళ తర్వాత కూడా అక్కడ చర్చి మాటే చెల్లేది, అధ్యాపక పదవులు కొన్ని పెద్ద కుటుంబాల చేతుల్లోనే తిరిగేవి. ఆసుపత్రిలో ఉంటూ నేర్చుకునే పద్ధతిని ఎత్తేశారని మెడికల్ విద్యార్థులు గొడవ మొదలుపెట్టారు, అది 1918 మార్చికి సమ్మె అయింది. జూన్ 15న రెక్టార్ (యూనివర్సిటీ అధిపతి) ఎన్నికలో మళ్ళీ పాతవర్గం మనిషే గెలిచేసరికి విద్యార్థులు సభలోకి చొరబడి దాన్ని ఆపేశారు. ఆరు రోజులకి వాళ్ళ ప్రకటన బయటికొచ్చింది, దాన్ని రాసింది దెయోదోరో రోకా అనే యువ లాయరు. యూనివర్సిటీకి స్వయంప్రతిపత్తి, పాలకమండలిలో విద్యార్థులకి చోటు, ఉద్యోగాలకి బహిరంగ పోటీ, ఇవీ వాళ్ళు అడిగినవి. పెరూ, క్యూబా, మెక్సికో వరకూ ఈ మాటలు పాకాయి. రోడ్డెక్కిన విద్యార్థులు ఒక ఖండం మొత్తంలో యూనివర్సిటీ అనే మాటకి అర్థం మార్చడం చిన్న సంగతి కాదు, మన దగ్గర దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరని నాకు బాధ.

ఫీజుల సంగతి మాత్రం 1918లో తేలలేదు. 1949లో పెరోన్ ప్రభుత్వం అర్జెంటీనాలో ఫీజు ఎత్తేసింది. కానీ స్వయంప్రతిపత్తి ఎంత పలచటిదో 1966 జూలై 29 రాత్రి తెలిసింది. ఒంగానియా సైనిక ప్రభుత్వం పోలీసుల్ని బ్యూనస్ ఎయిర్స్ యూనివర్సిటీ లోపలికి పంపి, అధ్యాపకుల్నీ విద్యార్థుల్నీ కలిపి లాఠీలతో కొట్టించింది. వెయ్యి మందికి పైగా అధ్యాపకులు రాజీనామా చేశారు, వాళ్ళలో వందల మంది దేశం వదిలి వెళ్ళిపోయారు. అలాంటి నష్టం ఒక తరంలో పూడదు.

చిలీలో సైన్యం వేరే దారి పట్టింది. 1973లో సైన్యం అధికారం లాక్కున్న తర్వాత రెక్టార్ల కుర్చీల్లో సైనికాధికారుల్ని కూర్చోబెట్టారు, 1981 చట్టంతో యూనివర్సిటీ ఆఫ్ చిలీ ప్రాంతీయ శాఖల్ని విడగొట్టారు, ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఫీజులు పెట్టారు, ప్రైవేటువాళ్ళకి తలుపులు తెరిచారు. చట్టంలో లాభం తీసుకోకూడదని ఉంది. అయితే కొందరు యజమానులు తమ సొంత కంపెనీల భవనాల్నే తమ యూనివర్సిటీకి అద్దెకిచ్చి, ఆ అద్దె రూపంలో లాభం లాగేశారు. ప్రజాస్వామ్యం తిరిగొచ్చాక కూడా ఈ ఏర్పాటు పోలేదు. పైగా 2005లో సీఏఈ అని ప్రభుత్వ హామీతో బ్యాంకు అప్పు తెచ్చారు. చదువు మధ్యలో ఆగినా అప్పు ఆగదు కదా.

2006లో హైస్కూలు పిల్లలు వీధిలోకొచ్చారు (యూనిఫాం ముదురు నీలం, తెలుపు కాబట్టి వాళ్ళని పెంగ్విన్లు అన్నారు), వాళ్ళే కాలేజీకి వచ్చేసరికి చదువు ఉచితం కావాలని 2011 ఉద్యమం వచ్చింది. కమీలా బయేహో, గాబ్రియేల్ బోరిచ్ అనే విద్యార్థి నాయకుల పేర్లు ప్రపంచం విన్నది అప్పుడే. 2016 నుంచి పేద కుటుంబాల పిల్లలకి, ముందు దిగువ 50 శాతానికి, 2018లో 60 శాతానికి, చదువు ఉచితం చేశారు. అది కూడా ఆ పథకంలో చేరిన కాలేజీల్లోనే.

బ్రెజిల్ మాత్రం ఫీజు కంటే ప్రవేశం దగ్గరే మార్పు తెచ్చింది, నాకు అదే ఎక్కువ నచ్చింది. రియో రాష్ట్ర యూనివర్సిటీ 2003లో, బ్రెజీలియా యూనివర్సిటీ 2004లో కోటాలు మొదలుపెట్టాయి. ప్రతిభ పడిపోతుందని పెద్ద గొడవ. 2012 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా కోటాల్ని సమర్థించింది, ఆగస్టులో చట్టమొచ్చింది: ఫెడరల్ యూనివర్సిటీల్లో సగం సీట్లు ప్రభుత్వ హైస్కూళ్ళలో చదివినవాళ్ళకి, అందులో ఆ రాష్ట్ర జనాభాలోని నల్లజాతి, మిశ్రమజాతి, ఆదివాసుల వాటా ప్రకారం కేటాయింపు. కులం మాత్రమే, లేదా ఆదాయం మాత్రమే అని మనం ఏళ్ళ తరబడి వాదించుకుంటున్నాం గానీ, చదివిన బడిని ముందు చూసి, దాని లోపల ఆదాయాన్నీ జాతినీ కలిపి లెక్కేసిన ఈ పద్ధతి దగ్గర మనం ఆగి చూడాల్సింది చాలా ఉంది. అయితే ఇప్పటికీ ఆ దేశపు డిగ్రీ విద్యార్థుల్లో నాలుగింట మూడు వంతులకి పైగా ప్రైవేటులోనే ఉన్నారు, ప్రభుత్వ సీట్లు అంత తక్కువ.

అర్జెంటీనాలో 2024 ఏప్రిల్ 23న లక్షల మంది మళ్ళీ వీధిలో నిలబడ్డారు. ఏటా 200 శాతం దాటిన ద్రవ్యోల్బణంలో అధ్యక్షుడు మిలేయ్ ప్రభుత్వం యూనివర్సిటీలకి పాత ఏడాది బడ్జెట్టునే కొనసాగించడంతో కరెంటు బిల్లులు కట్టడం కూడా కష్టమైంది. పార్లమెంటు నిధుల చట్టం చేసింది, అక్టోబరులో మిలేయ్ దాన్ని వీటో చేశాడు. అదే నెలలో పక్కన చిలీలో, 2022లో అధ్యక్షుడైన బోరిచ్ సీఏఈ స్థానంలో కొత్త విధానం తెస్తామని బిల్లు పెట్టాడు. 2011లో ఆయనతో పాటు నడిచినవాళ్ళలో చాలామంది అప్పటికీ ఆ అప్పు వాయిదాలు కడుతూనే ఉన్నారు.